హాజరీ కొయ్యని జీతం

ఖుర్సీపార్‌ స్టాపులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు కూలీల పసుపు హెల్మెట్ ఉంది. నా చేతిలోని పేపరు చూసి అడిగింది.

"ఏటి రాసేరు బాబూ?"

"పెద్ద బ్యాంకుల పై అధికారుల జీతాలు మళ్ళీ పెరిగాయట. కోట్లలో."

"పనికి రాకపోతే ఆళ్ళకీ ఆ రోజు కూలి, హాజరీ కోసేస్తారేటి?"

"కొయ్యరు."

"ఇంట్లో మనిషి పోయినా?"

"కొయ్యరమ్మా."

ఆమె కాసేపు హెల్మెట్ మీది దుమ్ము తుడిచింది. "మా ఆయన పోయిన మూడోనాడే నాను డ్యూటీకెలిపోనాను. ఆళ్ళయితే కరువుతీరా ఏడుసుకోవచ్చు."

సెక్టర్ 4లో దిగిపోయింది.

నా భార్య పోయి అప్పటికి నెల. నాకు పెన్షన్ వస్తుంది. ఇంట్లో ఎవరూ లేరు, తీరికకు లోటు లేదు. అయినా అంతవరకు ఏడవలేదు. మిగతా దారంతా ఆ పేపరును ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.