తొగరు కాగులో మేకులు

ఎమ్మిగనూరులో మా మేనమామ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. ఆదోనిలో నా సోడాబండి దగ్గరికి కబురు తెచ్చినవాణ్ణి "ఇదేం వేళాకోళంరా?" అని తిట్టాను. వేళాకోళాలన్నీ నావే గనక, ఇంకొకరిది నమ్మబుద్ధి కాదు.

తొగరు చెట్టు వేళ్లతో నూలుకు ఎరుపు ఎక్కించడం తెలిసిన మనుషుల్లో మా పేటకు మిగిలింది ఆయనే. లోపల పసుపుగా ఉండే చిటికెన వేలంత వేళ్లే ఏరి, దంచి, రాగి కాగులో సన్నసెగ మీద కాచేవాడు. పటికనీళ్లలో ముంచి ఆరేసిన నూలు అందులో దించి, రోజంతా కట్టెతో కలుపుతూ పొగలో నిలబడేవాడు. దగ్గరికి ఇనుము రానిచ్చేవాడు కాదు. తగిలితే ఎరుపు నల్లబడుతుంది. మొలతాడుకున్న తాళంచెవి కూడా గడప బయటే విప్పి పెట్టాలి. "దీన్ని పెండ్లికూతురి మాదిరి చూసుకోవల్ల. నన్నెవురు చూస్తారో!" అని నవ్వేవాడు.

పందొమ్మిది వందల డెబ్బైల్లో ఒక వేసవిలో ఆదోని పత్తి మిల్లులో ఆయనకు కావలి పని దొరికింది. సోమవారం చేరాలి.

"ఇంగ గాలి పీల్చుకుంటా అల్లుడా," అన్నాడు.

ఆయన మిల్లుకు పోతే కాగు నాది. పని నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పొగగదిలోనే నా బతుకు తెల్లారిపోతుందని ఊపిరాడలేదు. శనివారం, పెళ్లి చీరల నూలు కాగులో ఉండగా, గుప్పెడు తుప్పు మేకులు జారవిడిచాను.

నూలు వంకాయరంగుకు తిరిగింది. పెళ్లివాళ్లకు మాటిచ్చింది మామ. కొత్త వేళ్లు తవ్వి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. సోమవారం దాటింది. మిల్లువాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు.

ఆ శనివారమే, మళ్లీ మొదలుపెట్టే ముందు కాగు కడుగుతూ అడుగున మేకులు తీశాడు. "ఇవి యాడివిరా?"

"ఎలుకలు తెచ్చింటాయి మామా."

"ఎలుకలకు మేకులెందుకప్పా? అంగీలు తగిలించుకోడానికా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "పోనీలే. ఇద్దరిలో ఒగరు ఈడ ఉండాల్సిందే గదా," అన్నాడు.

పేటంతా అది నా కొంటెతనమనే అనుకుంది. కాదని ఇప్పుడు మీకే చెబుతున్నాను. నేను ఆదోని చేరి బండి పెట్టుకున్నాను. ఆయన చివరిదాకా ఆ పొగలోనే దగ్గాడు. పండక్కి పోతే నా ఆకులో రెండో ఒబ్బట్టు వేయించేవాడు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నేను బయటపడేవాణ్ణి.

మావాళ్లలో పూడ్చడమే ఆచారం. నల్లరేగడిలో గుంత తవ్వుతుంటే పారకు అడ్డంగా ఒక వేరు తగిలింది. తెగిన చోట పసుపుగా మెరిసింది.

"తొగరుది. ఉండనీ అన్నా, ఏమవుతాది?" అన్నాడు తవ్వేవాడు.

నేను గుంతలోకి దిగి రెండు చేతులా పట్టి లాగాను. జానెడు వచ్చింది. మిగతాది మట్టిగోడలోకి ఇంకా పోయి ఉంది. పైన మామను దించడానికి కాచుకుని ఉన్నారు. నేను లాగుతూనే ఉన్నాను.