ఫ్లూట్ కొనడానికి వచ్చినవాళ్ల చేతులు

మొన్న మా పాప ఒంటికి బాదం నూనె రాస్తుంటే, ఆ వాసనకి అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. నాన్న తన ఐరిష్ ఫ్లూట్‌కి అదే నూనె పట్టించేవారు. నల్లటి చెక్కతో ఒక పెద్దాయన స్వయంగా చేసిచ్చిన ఫ్లూట్ అది. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

నాకు ఏడేళ్లప్పుడు దాన్ని అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లనీ ముందు చేతులు చూపించమనేవారు. అలా ఇద్దరిని చూసి, ఇవ్వలేనని మర్యాదగా పంపేశారు. శుభ్రమైన చేతుల కోసం వెతుకుతున్నారనుకున్నాను. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వెళ్లి ఆయన ముందు చాపాను.

"నాన్నా, నా హ్యాండ్స్ క్లీన్. నాకు ఇచ్చెయ్."

నాన్న నవ్వలేదు. ఫ్లూట్ నా చేతికిచ్చి, "హోల్స్ అన్నీ మూయి, చూద్దాం" అన్నారు.

రెండు మూశాను. మూడోది అందలేదు.

"ఇవి దూరం దూరంగా ఉంటాయి రా. వేళ్లు బాగా సాగాలి" అన్నారు.

ఆ సాయంత్రం ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. పొడవాటి వేళ్లు. ఆమె వాయిస్తున్నంతసేపూ నాన్న ఆ వేళ్ల మీంచి చూపు తిప్పలేదు. పాట అయ్యాక ఫ్లూట్‌ని పెట్టెతో సహా ఆమెకే అమ్మేశారు.

కీళ్ల జబ్బుతో నాన్న వేళ్లు బిగుసుకుపోయాయని, ఆ రంధ్రాలు మూయలేకే అమ్మేశారని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. ఆ రోజుల్లో పొద్దున్నే ఆయన షర్ట్ బటన్లు అమ్మ పెడుతుండేది. నాన్నంటే అమ్మకి ముద్దు కాబట్టి అనుకునేదాన్ని.