చెవి అంచు నెత్తురు

మదీనాగూడలో హైవే దిగి రెండో సందులోకి తిరిగితే కుక్కల దవాఖాన ఒకటుంది. అక్కడికి రోజూ నలభై కుక్కలు వస్తాయి గానీ, ఐలయ్యను చూసినవాళ్లు మాత్రం తక్కువ. వచ్చినవాళ్లు డాక్టరుతో మాట్లాడతారు, బెంచీ మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. వెనక గదిలో మైక్రోస్కోపు మీదకి వంగి ఒక మనిషి ఇరవై రెండేళ్లుగా కుక్కల నెత్తురు చూస్తున్నాడని వాళ్లకేం పట్టింది? పిడుదులు కరిచి కుక్క ఒంట్లోకి ఎక్కించే క్రిములుంటాయి చూడండి, వాటిని పట్టడంలో గచ్చిబౌలి నుంచి బాచుపల్లి దాకా అతన్ని మించినవాడు లేడు. నేను ఊరికే అనడం లేదు.

భార్య పోయి ఐదేళ్లయింది. పిల్లల్లేరు. బాచుపల్లిలో ఒంటి గది కిరాయికి తీసుకున్నాడు. ఆదివారం నాడు నోరు విప్పితే కూరగాయల బండి దగ్గరే. ఒక్కో ఆదివారం అదీ ఉండదు.

ఆ మనిషికి తోడంటూ ఉన్నది కర్రి. దవాఖాన ముందు తిరిగే వీధికుక్క, నల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టాడు. పొద్దున ఆటో దిగగానే పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకునేది. "ఏందే, తిన్నవా?" అని పలకరించేవాడు. రోజు మొత్తంలో అతను ఇష్టంగా మాట్లాడే మాట అదొక్కటే.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన వీధికుక్కకు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. కర్రికీ కత్తిరించారు. ఆనాటి నుంచి అది ఎవరినీ చెవి ముట్టనివ్వదు. మెడ, పొట్ట, తోక ఎక్కడ నిమిరినా ఊరుకునేది, ఐలయ్య చేయి చెవి దగ్గరికి పోతే మాత్రం వణికేది. వాళ్ల నాలుగేళ్ల స్నేహంలో అతను ఒక్కసారి కూడా ఆ చెవులు ముట్టలేదు.

శ్రావణంలో కర్రి తిండి మానేసింది. ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు తెల్లబడ్డాయి, మెడ కింద పిడుదులు. ఐలయ్య దాన్ని ఎత్తుకుని లోపలికి తెచ్చాడు.

ఇలాంటప్పుడు నెత్తురు చెవి అంచు నుంచే తీయాలి. అక్కడి సన్నటి నరాల్లో క్రిమి ఎక్కువగా చేరుతుంది, కాలి నరంలో తీస్తే అది కంటబడకుండా తప్పించుకోవచ్చు. కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకూ ఈ మాట చెప్పి చెప్పి విసిగించింది ఐలయ్యే. మరి కర్రి దగ్గరికి వచ్చేసరికి ఏమైందయ్యా? చేయి చెవి దాకా వెళ్లింది. కర్రి తలెత్తి చూసింది. అంతే, చేయి దిగి కాలు పట్టుకుంది. ప్రేమట! ఇరవై రెండేళ్ల పనితనాన్ని మింగేసిన ప్రేమను ఏమనాలో నాకు తెలియదు.

గంటసేపు స్లైడు చూశాడు. ఏమీ కనబడలేదు. కనబడకపోతే బాగుండునని అతనికీ ఉంది మరి. క్రిములు లేవని చీటీ రాసి పంపాడు. డాక్టర్ సంయుక్త ఎక్కడి నెత్తురని అడగలేదు, ఐలయ్యంత పనిమంతుణ్ని ఎవరడుగుతారు? ఆమె వేరే జ్వరమనుకుని మందు మొదలుపెట్టింది.

మూడో రోజుకు కర్రి లేవలేకపోయింది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. ఐలయ్య డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, మొన్నటిది చెవి రక్తం కాదు. కాలుది తీసిన. చెవికి సూది గుచ్చ మనసొప్పలే."

ఆమె లేచి గ్లవ్స్ తొడుక్కుంది. "ఇప్పుడు తీయండి, ఐలయ్య గారూ. నేను పట్టుకుంటాను," అంది. నాలుగు తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

సూది చెవికి తగలగానే కర్రి అతని మీద గుర్రుమంది. అంత నీరసంలోనూ గుర్రుమంది. ఈసారి వెతకాల్సిన పనే లేకపోయింది. ఎర్రకణాల లోపల జతలు జతలుగా కూర్చున్నాయి క్రిములు. వెంటనే ఇంజెక్షన్ పడింది, అదీ మహా నొప్పి మందు. గట్టిగా అదిమి పట్టుకున్నది ఐలయ్యే. పద్నాలుగు రోజులకు రెండోది కూడా పడితేనే ప్రాణానికి భరోసా అంది డాక్టరు.

వారంలో కర్రి లేచింది. టీ బండి సక్కుబాయి దగ్గర పాలు తాగింది. ఐలయ్య కనబడితే కొంచెం దూరంలో ఆగి, ఆలోచించుకుని, మెల్లగా వచ్చేది.

పద్నాలుగో రోజు పొద్దున్నే దవాఖాన వాళ్లు పట్టబోతే అందలేదు. సక్కుబాయి పాలు చూపించి పిలిచినా రాలేదు. అందరూ ఐలయ్య వంక చూశారు. అతను పిలిస్తే వస్తుందని అతనికీ తెలుసు, అందుకే అప్పటిదాకా లోపలే కూర్చున్నాడు. పిలిస్తే దాన్ని మోసం చేసినట్టే. పిలవకపోతే చస్తుంది.

బయటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, రోజూ పిలిచినట్టే పిలిచాడు. కర్రి వచ్చింది. వచ్చి అతని అరచేతిలో మూతి పెట్టింది. ఐలయ్య ఆ మూతిని గట్టిగా పట్టేశాడు. ఇంజెక్షన్ పడింది, పరీక్షకు చెవి నుంచి మళ్లీ నెత్తురు తీశారు. వదలగానే అది రోడ్డు దాటి పరుగెత్తింది.

ఆ స్లైడును అతను మూడుసార్లు చూశాడు. ఎక్కడా క్రిమి లేదు. మైక్రోస్కోపు ముందే ఏడ్చాడు, ఆ గదిలోకి ఎవరూ రారు గనక ఎవరూ చూడలేదు.

ఇది జరిగి రెండు నెలలయింది. కర్రి ఒళ్లు చేసింది, సక్కుబాయి బండి కింద పడుకుంటోంది. ఐలయ్య ఆటో ఆగిందంటే చాలు, లేచి అవతలి వైపుకు పోతుంది.

"మంచిగ తింటున్నదన్నా, ఫికర్ చెయ్యకు," అంటుంది సక్కుబాయి.

అతను రోజూ ఒక బన్ను కొని ఆమెకే ఇచ్చి, కర్రికి పెట్టమని చెప్పి లోపలికి వెళ్లిపోతాడు. తన చేత్తో పెడితే అది ముట్టదు.