చప్పుడు పోయిన జీపు

పోయినవి వరసగా చెబుతాను. ఒక ఎయిర్ హారన్, సైలెన్సర్‌కున్న పదకొండు చిల్లులు, ముందు అద్దానికి వేలాడే పూసల తెర, నాలుగు అదనపు లైట్లు, వెనకాల మనిషిని మింగేసేంత నల్లటి పొగ. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో పోయాయి. ఆ తర్వాత రెండు రోజుల్లో పందొమ్మిది మంది ప్యాసింజర్లు పోయారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ కాలంలో ఉదయగిరి నుంచి ఆత్మకూరుకి జీపు తోలడమంటే నాకు పని కాదు, కళ్లు తెరుచుకుని కనే కల. తెల్లవారుతూనే కొండ మీది కోట గోడలు సగం మంచులో కరిగిపోయి, మిగతా సగం ఆకాశంలో తేలుతున్నట్టు ఉండేవి. మెట్ట చేల మధ్య పోతుంటే ఆ రోడ్డు నాకోసమే ఎవరో అప్పుడే పరిచి వెళ్లినట్టు ఉండేది. (వెనక కూర్చున్నవాళ్లకి అలా ఉండేది కాదు. వాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవారు.)

జీపు మా మామది. దాని ఫిట్‌నెస్ కాగితం గడువు ముగియబోతోంది. అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. "ఆ కాగితం ఇచ్చేది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గదరా, బ్రేకులు చూస్తాడు. ఇంకేం చూస్తాడు?" అన్నాడు మామ. అందుకని బ్రేకులొక్కటే బాగు చేయించి ఆత్మకూరు తీసుకెళ్లాను. ఆయన బ్రేకులు చివర్లో చూశారు. ముందు ఇన్సూరెన్సు, పర్మిట్టు, టాక్సు కాగితాలు. తర్వాత ఛాసిస్ నంబరు, టైర్లు, లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరవమన్నారు. అందులో మామ దువ్వెన, సగం కట్ట బీడీలు, రెండు తమలపాకులు ఉన్నాయి. "దెబ్బ తగిలిన వాడికి తాంబూలం ఇస్తారా?" అని అడిగారు. ఆ పైన పొగగొట్టంలో పొగ కొలిచే గొట్టం పెట్టి యాక్సిలరేటర్ నేలకంటా తొక్కమన్నారు. తొక్కాను. ఆ మైదానంలో కాసేపు ఎవరికి ఎవరూ కనబడలేదు. పొగలోంచి ఆయన గొంతు మాత్రం వినిపించింది. "రేపు తీసుకురా. హారన్ ఒకటి చాలు, ఇది రైలు కాదు."

మెకానిక్ ఆ రాత్రికల్లా డీజిల్ చిమ్మే నాజిల్స్ శుభ్రం చేసి, ఫిల్టర్లు మార్చి, కొత్త సైలెన్సర్ బిగించాడు. మర్నాడు కాగితం చేతికొచ్చింది. తిరిగి వస్తుంటే నాకు మొదటిసారి నా బండిలోంచి బయటి ప్రపంచం వినబడింది. పిట్టలు, గాలి, సజ్జచేలో ఎవరో ఎవర్నో తిట్టడం. జీపు నేలకి ఆనకుండా పోతోందేమో అనుకున్నాను. ఆ సుఖంలో రెండు రోజులు మైమరచి తోలాను. దారిలో ఎక్కేవాళ్లు తగ్గిన సంగతి లెక్కలో కనబడింది గానీ, ఎందుకో తోచలేదు.

ఆ దారిలో రోడ్డుకి ఎడంగా, గొర్రెల దొడ్డి పక్కన ఒక అవ్వ ఉండేది. కొడుకు మందను తోలుకుని దూరం పోయాడు. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు, మనిషి ఒక నీడలా ఆనుతాడంతే. ఆత్మకూరులో మూడు రోజులు కంటి శిబిరం పెడితే, నేను తీసుకెళతానని సైలెన్సర్ మార్చకముందే మాటిచ్చాను. మొదటి రోజు ఆమె రోడ్డు మీద లేదు. రెండో రోజూ లేదు. సూదికి భయపడి మానుకుందనుకుని వెళ్లిపోయాను. రెండో సాయంత్రం చూద్దును గదా, రోడ్డు పక్కనే మూట పట్టుకుని కూర్చుని ఉంది.

"ఎవురది? జీపబ్బాయా? రెండు దినాలు బండి తియ్యలేదేందిరా?"

"తీసినానవ్వా. రెండు దినాలూ నీ ముందర నుంచే పోయినా."

"అబద్ధాలు చెప్పబాక. నీ బండి వస్తే నాకు తెలవదా? దుత్తలో పాలు తొణుకుతాయి."

అప్పుడు లెక్క కుదిరింది. దొడ్డి నుంచి రోడ్డుకి ఆమె నడక ఎనిమిది నిమిషాలు. పాత చప్పుడు పది నిమిషాల ముందే ఆమెను చేరేది. కొత్త చప్పుడు చేరేసరికి నేను మలుపు తిరిగిపోయేవాణ్ని. మిగిలిందిక ఒక్క రోజు. తొమ్మిదింటికి పేర్లు రాయడం ఆపేస్తారు. ఆ పైన డాక్టర్లు మళ్లీ ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

మూడో రోజు బండి ఆపి, దొడ్డి దాకా నడిచి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. జీపు దగ్గర అవ్వ ఆగిపోయింది.

"ఇంజనాడతా ఉండాదా?"

"ఆడతా ఉండాదవ్వా."

"నాకు ఇనపళ్లా. ఇది నీ బండి కాదు. నన్ను ఏడికి తీసకపోతాండావు?"

లోపలివాళ్లు నవ్వారు. నేను గడియారం చూసుకున్నాను. అవ్వ తొందరపడలేదు. బానెట్టు మీద చెయ్యి వేసింది. తలుపు తడిమింది. టైరుని కాలితో తట్టింది. హారన్ కొట్టమంది. కొట్టాను. "మేకపిల్లా?" అంది. చివరికి ఎక్కి వెనక చిరిగిన సీట్లో కూర్చుని కాస్త అటూ ఇటూ జరిగింది. "ఆ, పీచు గుచ్చుకుంటా ఉండాది. నీ బండేలే, పోనీ."

"అవ్వ కూడా పాసు చేసిందిరో!" అని ఎవరో అరిచారు. ఆ రోజు దారిలో ఇంకెక్కడా ఆపలేదు. ఎనిమిది యాభై ఆరుకి ఆమె పేరు రాశారు.

కొన్నాళ్లకి, ఒక కంటి కట్టు విప్పాక, అవ్వ జీపుని చుట్టూ తిరిగి చూసింది. "ఇన్నాళ్లూ నన్ను దీంట్లోనా తిప్పింది? ముందే కనబడుంటే ఎక్కేదాన్నే కాదు." తర్వాత రెండు వేళ్లు చూపించింది. "రెండు దినాలు నన్నొదిలేసి పోయినావు. రెండు ట్రిప్పులు బాకీ. నేను ఏడికంటే ఆడికి."

మొదటిది సంగం. పెన్న నీళ్లు చూడాలంది. ఆనకట్ట దగ్గర గంటన్నర కూర్చుంది. నీళ్ల మీద వెలుతురు కదులుతుంటే ఆమె తల కూడా దాంతో పాటు మెల్లగా కదిలింది. వచ్చేటప్పుడు రెండోది ఎక్కడికని అడిగాను. "ఇంకా తట్టలా. తట్టినప్పుడు చెప్తాలే" అంది.

ఆమెకు తట్టకముందే కొడుకు వచ్చి చేజర్ల వైపు తీసుకెళ్లాడు. జీపు తుక్కుకి పోయింది. ఇప్పుడు నా కారుని తనిఖీకి తీసుకెళితే అంతా మిషన్లే చూస్తాయి. ఆ కాసేపు నేను బయట బెంచీ మీద కూర్చుని, ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడు మలుపులో మైమరచి సాగిపోవడం చూస్తుంటాను. వాణ్ని కేకేసి ఆపాలనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. వాడి లెక్కని నేనింకా కొట్టెయ్యలేదు. ఈ రోజుకి బాకీ: ఒక ట్రిప్పు.