మడమ ఆనిందా తమ్మీ?

మన ఎముకలన్నిటినీ ఎరిగిన దేవునికి స్తోత్రం.

సిద్దిపేటలో మా సంఘపు అన్న ఒకాయన కార్ల మెకానిక్. మా తమ్ముడు బాగా పొడుగు. పాత స్పోర్ట్స్ కారు కొంటే, మోకాలు స్టీరింగుకు తగిలేది.

“ఒంటెవు, నీకు గీ కారెందుకురా?” అని నవ్వుతూ అన్న కింద కూర్చున్నాడు. యాక్సిలరేటర్ పెడల్‌ను కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ, తమ్ముడి మడమను అరచేత్తో పట్టుకుని ప్రతిసారీ అడిగాడు: “మడమ ఆనిందా తమ్మీ?”

తమ్ముడు జ్వరంతో పోయినప్పుడు, తెచ్చిన పెట్టె పొట్టిదైంది. అన్న కాళ్లవైపు చెక్క ఊడదీసి, పెట్టెను పొడిగించాడు. మడమలను రెండు చేతులతో మెల్లగా ఆనించాడు.

“మడమ ఆనిందా తమ్మీ?” అన్నాడు. జవాబు కోసం ఆగాడు.

తర్వాత షెడ్డు మూసి, ఊరు విడిచి వెళ్లిపోయాడు. ప్రియులారా, ఆయన ఎక్కడున్నా ఆదరణ దొరకాలని నాతో కలిసి ప్రార్థించండి.