అరచేతి ఇంజన్‌కు అడ్డం పడుకుంటానన్న లీడరు

ఈ రోజు తెలంగాణ కోసం జనగామ స్టేషన్‌లో రైళ్లు ఆపాం. మా గల్లీ అంతా పట్టాల మీద కూర్చుంది. గల్లీ లీడరు తల్లి కూడా వచ్చింది. లీడరే రాలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అరచేతిలో పట్టే నా స్టీమ్ ఇంజన్ మోడల్‌లో డీకోడర్ బిగిస్తూ కూర్చున్నాను. అదొక గోరంత చిప్పు. అది పెట్టాక పట్టాల్లో ఎంత కరెంటు ఉన్నా, రిమోట్‌తో తన నంబరు పిలిస్తే తప్ప ఇంజన్ కదలదు.

చివరి వైరు అతికిస్తుంటే లీడరు ఇస్త్రీ నలగని కండువాతో ఊడిపడ్డాడు.

"అన్నా, గా ఇంజన్ జర పట్టాల మీద పెట్టు. నేను ముంగట పండుకుంట. దగ్గర్కెల్లి ఫోటో తియ్యి, అసలు రైలే అనుకుంటరు."

"పొద్దుగాల ఏడ వోయినవ్ తమ్మీ?"

"పోలీసోళ్లు పట్కపోతరని ఇంట్లనే ఉన్న. మా అవ్వను ఇందాకనే పట్కపోయిన్రు. గది గూడ ఫోటో కింద రాయాలె."

ఇంజన్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను.

లీడరు తల్లి కోసం ఠాణాకు పోతున్నా. వచ్చేవాళ్లు ఈ పోస్టు కింద రాయండి. ఎవరైనా ఒక కెమెరా తెండి. మా లీడరును కదిలించే నంబరు అదొక్కటే.