పరదా ముందు

గచ్చిబౌలి అద్దాల మేడల వెనుక మా రేకుల ఇళ్లకు తలుపులు లేవు, పరదాలే. మా బస్తీకి వచ్చే సోషల్ వర్కర్ ప్రతి పరదా ముందూ ఆగి, మెడలోని ఆఫీసు కార్డు తీసి సంచిలో వేసుకుని, "రావొచ్చా అమ్మా?" అనేది. కార్డు ఎందుకు తీస్తావని అడిగాను.

"అది చూస్తే వద్దనే ధైర్యం ఎవరికుంటది తాతా?"

ఒకరోజు ఆమె పై అధికారి కెమెరాతో దిగాడు. "మొగుడు కొట్టే ఆమె ఇల్లు ఏది?"

ఎంత సిగ్గులేని ప్రశ్న!

"నన్ను నమ్మి చెప్పుకుంది సార్. చూపించను."

"అయితే రేపటి నుంచి రాకు."

ఆమె మామూలుగానే కార్డు తీసింది. అతని చేతిలో పెట్టింది.

వారం తిరక్కుండా ఆ ఇల్లాలి పరదా ముందే మళ్లీ కనిపించింది. చెయ్యి అలవాటుగా మెడ దగ్గరకు పోయి ఆగింది.

"రావొచ్చా అమ్మా?"

"ఇంకా అడుగుడేంది అక్కా, రా!"

పరదా తొలగేదాకా ఆమె కదల్లేదు.